మా వాడి కునుకు కోసం ఆగిన మైకు

నిన్ననే మెదక్‌లో మా చిన్నమ్మ ఇంటికి వచ్చాం. కొత్త చోటు కావడంతో మా రెండేళ్ల చిన్నుగాడికి నిద్ర పట్టడం లేదు. ఇంటి నుంచి వాడి బొంత తెచ్చాను, చిన్నమ్మ తన పాత చీరతో ఊయల కట్టింది. ఈ మధ్యాహ్నం వాడు కళ్లు మూస్తుండగా, ఎదురుగా తెలంగాణ కోసం దీక్షలో కూర్చున్నవాళ్ల టెంటు మైకులో పాట మోగింది. వాడు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు.

విసురుగా వెళ్లి చెప్పాను. పొద్దుటి నుంచి పస్తున్న ఓ పెద్దాయన, "పిల్లగాడు పండుకుంటలేడా బిడ్డా? అరే, మైక్ బంద్ చెయ్యుండ్రి!" అన్నాడు.

వాడు హాయిగా పడుకున్నాడు. పక్కనే నేనూ కునుకు తీశాను. లేచాక వాడికి పాలు పట్టి, స్నానం చేయించి, సాయంత్రం ఎత్తుకుని బయటికొచ్చాను. టెంటులో అందరూ ఇంకా గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు.

"లేచిండా? ఇగ పాడుకుందుమా బిడ్డా?" అన్నాడు ఆయన.

ఎప్పుడో లేచాడని చెప్పడానికి నోరు రాలేదు. "ఇప్పుడే లేచిండు పెద్దనాయనా" అన్నాను.

నున్నగా దువ్విన తల, కొత్త చొక్కా, బుగ్గన కాటుక చుక్కతో మా వాడు నా చంకలోనే ఉన్నాడు. ఆయన వాణ్ణి చూసి నవ్వి, మైకు అందుకున్నాడు.

రేపు ఆ టెంటు ముందు నుంచి ఏ ముఖంతో నడవాలో మీరే చెప్పండి.