బాపట్ల పెళ్ళిచూపుల్లో మురళి ప్రేమ

కుదిరిపోయినట్టే ఉన్న నా పెళ్ళిని నేనే, నా నోటితోనే, కాఫీ చల్లారేలోపు ఎలా చెడగొట్టుకున్నానో చెబుతాను. నవ్వుకోండి, పర్లేదు. మా అమ్మకే ఇంకా నవ్వు రావడం లేదు.

అప్పట్లో సాయంత్రం సీరియల్లో మురళి అని ఒకడుండేవాడు. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోతాడు. స్నేహితుడు కౌశిక్‌కి జ్వరమొస్తే మాత్రం కంటిమీద కునుకుండదు. అతను కౌశిక్‌ని ప్రేమిస్తున్నాడని నేను, అది ఒట్టి స్నేహమని మిగతా అభిమానులు, ఫోన్ గ్రూపులో రోజూ కొట్టుకునేవాళ్ళం. ఆ పిచ్చితోనే తెనాలి నుంచి బాపట్లకు పెళ్ళిచూపులకు బయల్దేరాను. సంబంధం తెచ్చింది రేపల్లెలో ఉండే మా మామయ్య. అమ్మాయి పేరు శ్రావణి. ఫొటో చూసిన రోజే చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలనుకున్నాను. నిజంగానే అంత నచ్చింది.

నా ఖర్మ చూడండి! వర్జ్యం, రాహుకాలం అన్నీ చూసిన మామయ్య సీరియల్ టైము చూడలేదు. మేం వెళ్ళేసరికి సరిగ్గా అదే వస్తోంది. శ్రావణి వాళ్ళ నాయనమ్మ సౌండు తగ్గించింది గానీ టీవీ కట్టేయలేదు. శ్రావణి కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. నా కాలు కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఊగిపోతోంది. అమ్మ మోచేత్తో పొడుస్తోంది.

"పాపం మురళి! ఏ పిల్లో మోసం చేసుంటది," అంది నాయనమ్మ.

నోరు మూసుకోవచ్చుగా? మూసుకోలేదు.

"పిల్లా లేదు, ఏమీ లేదండి మామ్మగారూ. అతనికి కౌశిక్ అంటే ప్రేమ."

"స్నేహితుడంటే ప్రేముండదా బాబూ?"

"ఆ ప్రేమ కాదండి. పెళ్ళి చేసుకోవాలనిపించే ప్రేమ!"

మామయ్యకు పొలమారింది. శ్రావణి తండ్రి కప్పు కింద పెట్టారు. "ఏం మాటలండీ ఇవి? అతను బ్రహ్మచారి. మెడలో ఆంజనేయస్వామి డాలరు చూళ్ళేదా?"

"ఆ డాలరు ఇచ్చిందే కౌశిక్ అండి!" అంటూ లేచి వెళ్ళి టీవీ మీద వేలు పెట్టాను. "ఈ కళ్ళు చూడండి. ఎట్టా చూస్తున్నాడో! ఇది స్నేహితుడి చూపేనా?"

"నీకెట్టా తెలుసు బాబూ ఇయ్యన్నీ?" అంది నాయనమ్మ.

"మగాడి మనసు మగాడికి తెలీదా అండీ!"

తండ్రీ నాయనమ్మా మొహాలు చూసుకున్నారు. తిరుగు రైల్లో అమ్మ నాతో మాట్లాడితే ఒట్టు.

మర్నాడు మామయ్య ఫోన్ చేశాడు.

"నన్ను అనుమానించారా మామయ్యా?"

"పెద్దాళ్ళు అనుమానించార్రా. ఆ పిల్లే కొట్టిపారేసింది. మురళి గురించి నువ్వు చెప్పిందే కరెక్టని వాళ్ళ నాన్నతో పోట్లాడింది కూడా."

ప్రాణం లేచొచ్చింది. "అయితే ఒప్పుకున్నట్టేగా?"

"ఒక్క మాట అడగమందిరా. మురళి చూపులు అంత బాగా చూశావంటగా. ఎదురుగా కూర్చున్న తను ఏం రంగు చీర కట్టుకుందో చెప్పమంది."

నోరు తెరిచాను. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

"మెరూనా?" అన్నాను.

"ఫోను పెట్టెయ్యరా," అన్నాడు మామయ్య.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఇంటికి పెళ్ళిచూపులకు వెళ్ళినా, టీవీకి వీపు పెట్టి తప్ప కూర్చోను.