ఆవకాయ ముక్కలు ఎవరు కొట్టాలి

శివరాత్రి దాటాక మొదలైంది. మోచేయి లోపలివైపు, ఎముక పొడుచుకొచ్చినచోట, ముందు చిన్న సలుపు. తర్వాత తడిబట్ట పిండినా, పాలగిన్నె దించినా ప్రాణం జివ్వుమనేది. మా ఇంట్లో డాక్టరు పేరు పెడితేనే అది జబ్బు. అప్పటిదాకా నా సణుగుడే. చివరికి హనుమాన్ జంక్షన్‌లో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి వారానికి రెండుసార్లు బస్సెక్కి వెళ్లడం మొదలుపెట్టాను.

ఆ అమ్మాయి వేలితో ఒక్కచోట నొక్కితే కళ్లలో నీళ్లు తిరిగాయి. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ దెబ్బతిందట. ముంజేయి బల్లమీద ఆనించి, అరచెయ్యి పైకి పెట్టి, అరకిలో కందిపప్పు ప్యాకెట్ పట్టుకుని, అయిదు లెక్కపెడుతూ మణికట్టును మెల్లగా కిందికి దించాలి. పైకి లేపడానికి ఎడమచెయ్యి సాయం పట్టాలి. రెండు పూటలా పదిహేనేసి సార్లు. ఇంత విసుగుపుట్టే పని నేనెరగను. ఆ పప్పు ఉడికేదాకా పొయ్యి దగ్గర నిలబడటం నయం.

గట్టిగా పట్టుకుని కొట్టే పనులేమైనా చేస్తారా అని అడిగింది. చెయ్యనన్నాను. అబద్ధం. ఏటా మూడిళ్లకు సరిపడా ఆవకాయ ముక్కలు కొట్టేది నేనే. మాది మామిడికాయల వ్యాపారం చేసే ఇల్లు, ముక్కలు బజార్లో కొట్టించుకుంటే నామోషీ. ప్రతి ముక్కకూ టెంక అంటుకుని ఉండాలి, లేకపోతే ఏడాది తిరక్కుండానే మెత్తబడిపోతుంది. అలా కొట్టడం నాకొక్కదానికే వచ్చని పదిహేనేళ్లుగా నా నమ్మకం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఎండలు ముదిరాక రెడ్డిగూడెం తోట నుంచి కాయలు దిగాయి. అప్పటికి చెయ్యి కాస్త నయం. కడిగి, తుడిచి, ఆరబెట్టి కత్తిపీట ముందు కూర్చున్నాను. మూడో కాయకే మోచేతిలో నిప్పు పెట్టినట్టయి పిడి జారిపోయింది. నెలన్నర బస్సు ప్రయాణాలు, పొద్దునా సాయంత్రం ఆ పప్పు ప్యాకెట్, అంతా నీళ్లపాలు. ఏడుపొచ్చింది. నొప్పికి కాదు, ఇక కత్తి వదలాల్సిందే కదా అని.

మా తోటికోడలు పక్కనే గుడ్డ పట్టుకుని ముక్కలు తుడుస్తోంది. నన్ను లేవమని చెప్పి తను కూర్చుంది. ఒక్క దెబ్బకు కాయ రెండు చెక్కలు. ముక్కలు చేతిలోకి తీసుకుని చూశాను. ప్రతిదానికీ టెంక ఉంది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

"బాపులపాడులో మా అమ్మావాళ్లింట్లో నేనే కొట్టేదాన్నక్కా. ఇక్కడ మీరు లేస్తేగా" అంది, చేతిలో పని ఆపకుండానే.

కోపంగా అన్లేదు. అందుకే నాకు ఇంకా సిగ్గేసింది. ఆమె వదిలేసిన గుడ్డ తీసుకుని, ముక్కల్లోంచి జీడి తీసి, పొర ఒలిచి, ఎడమచేత్తో తుడవడం మొదలుపెట్టాను. గంట తిరిగేసరికి నడుము పట్టేసింది, వేళ్లు సొనకి మండాయి. పదిహేనేళ్లూ నీకేం, కూర్చుని తుడవడమేగా అని ఆమెతో ఎన్నిసార్లు అన్నానో. ఇంకా రెండు బుట్టల కాయలున్నాయి.