కుంకుమబొట్టు పెట్టిన టేపు

నా భార్య పోయి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. అది మంగళవారం. పొద్దున్నే లేచి కాఫీ కలిపింది. బొరుగులతో ఉగ్గాని చేసింది. తను సగం తిని మిగతాది నా పళ్ళెంలోకి తోసింది. తొమ్మిదిన్నరకు టీవీ ముందు పీట వేసుకుని కూర్చుని, పాత వీసీఆర్‌లో ఒక టేపు పెట్టింది. పదకొండు దాటాక భుజం లాగుతోందంది. ఇన్నేళ్ళు కెమెరా మోసిన భుజం, లాగదా అన్నాను. వేడినీళ్ళు పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళాను. ఆమె చెప్పింది ఎడమ భుజం. కెమెరా మోసింది కుడి భుజం. ఆ తేడా నాకు ఆటోలో తట్టింది. హిందూపురం ఆసుపత్రిలో ఒంటిగంటకు డాక్టరు బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆమెను ఇంటికి తెచ్చేసరికి టీవీ వెలుగుతూనే ఉంది. టేపు అయిపోయి తెర మీద నీలిరంగు ఒక్కటే మిగిలింది. ఎవరో స్విచ్ తీశారు.

మీలో చాలామందికి ఆమె తెలుసు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు తొంభైలలో మీ పెళ్ళి జరిగి, ఆ క్యాసెట్ ఇంకా బీరువాలో ఉంటే ఒకసారి తీసి చూడండి. పెళ్ళికొడుకు కంటే ముందు మీ అవ్వ కనిపిస్తే, పొయ్యి దగ్గర వంటవాళ్ళు కనిపిస్తే, అది ఆమె తీసిందే. "పెండ్లికొడుకును అందరూ తీస్తారు. అవ్వను ఎవరు తీస్తారు?" అనేది. అవ్వను కూర్చోబెట్టి, కొంగు సర్ది, పేరు చెప్పించి, ఒక్క నిమిషం మాట్లాడించి, ఆ తర్వాతే మండపం వైపు వెళ్ళేది. ముహూర్తం ముంచుకొస్తోందని పురోహితుడు కేకలేసినా సరే.

మా మామకు పెనుకొండలో మైక్‌సెట్ అంగడి ఉండేది. ఆమె చిన్నప్పటి నుంచి వైర్ల మధ్య పెరిగింది. అందుకే బొమ్మల పనిలోకి వచ్చినా ఆమెకు శబ్దమే ముఖ్యం. "బొమ్మ అదిరినా ఏం కాదు, మాట పోకూడదు" అని తన దగ్గర పనిచేసేవాళ్ళకు రోజుకోసారైనా చెప్పేది. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. ఊరంతా నన్ను సార్ అంటుంది కాబట్టి వేళాకోళానికి తనూ అలాగే పిలిచేది. "ఏం సారూ, మీకు ప్రతి ఆకు పేరూ తెలుసు. ఎదురింట్లో ఆయప్ప పేరు తెలుసునా?" నాకు తెలియదు. ఆమెకు ఆయన తాత పేరు కూడా తెలుసు.

బెంగళూరులో ఒక స్టూడియో మూసేస్తుంటే పాత కెమెరా కొనుక్కొచ్చింది. లైటు పట్టడానికి మస్తాన్‌ను పెట్టుకుంది. మస్తాన్ అంతకుముందు ఫోటో స్టూడియోలో పనిచేసినవాడు, మా వీధివాడే. వాళ్ళిద్దరూ తీసిన మొదటి పెళ్ళి లేపాక్షిలో. ఆ రోజు కాలేజీకి సెలవు, నేనూ వెళ్ళాను. పెళ్ళికూతురి మేనమామ వాకిట్లోనే ఆపాడు.

"ఏమబ్బా మస్తాన్, కెమెరా ఆయన యాడ?"

"ఈడే ఉండాది కదప్పా, మా మేడమ్."

"ఆడమనిషా? అంత బరువు మోస్తాదా?"

కెమెరా అప్పటికే ఆమె భుజం మీద ఉంది. కంటి దగ్గర నుంచి తీయకుండానే జవాబిచ్చింది. "మోస్తాలే మామా. మా నాయన అంగట్లో హారన్లు మోసిన భుజమే ఇది. నువ్వు లైటుకు అడ్డం రాకుంటే అదే సాలు."

సాయంత్రం భోజనాల దగ్గర ఆ మేనమామే ఆమె విస్తట్లో రెండో బొబ్బట్టు, మా వైపు ఓలిగ, వేయించాడు.

తర్వాత ఊళ్ళకు కేబుల్ వచ్చింది. మూడు ఊళ్ళలోని కేబుల్ ఆపరేటర్లను ఆమె ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి ఒప్పించింది. వారానికి అరగంట, మన ప్రాంతం మనుషులతో ఒక కార్యక్రమం. పేరు 'మనోళ్ళు'. శుక్రవారం హిందూపురం, శనివారం పెనుకొండ, ఆదివారం ధర్మవరం. మూడింటికీ టేపు ఒక్కటే. అది ప్యాసింజర్ రైల్లో ఊరి నుంచి ఊరికి పోయి, సోమవారం తిరిగి వచ్చేది. వచ్చాక దాని మీదే తర్వాతి వారం రికార్డు చేసేవాళ్ళు. కొత్త టేపులు ఎక్కువ కొనే రోజులు కావు అవి. చెరపకూడని టేపు ఏదైనా ఉంటే ఆమె దాని వీపు మీద కుంకుమబొట్టు పెట్టేది. ఊడిపోకుండా కుంకుమలో చుక్క కొబ్బరినూనె కలిపేది. వాళ్ళ నాయన అద్దెకు ఇవ్వకూడని ఆంప్లిఫయర్‌కు అలాగే గుర్తు పెట్టేవాడట. బొట్టు ఉన్న టేపును మా ఆఫీసులో ఎవరూ ముట్టేవాళ్ళు కాదు.

ఆమెకు ఇంకొక నియమం ఉండేది. ఎవరిని కెమెరాలో తీసినా వాళ్ళ ముక్క కాపీ చేసి వాళ్ళ ఇంటికి చేర్చాలి. "మనిషి మొగం తెచ్చుకుని తిరిగియ్యకపోతే దొంగతనమే" అనేది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పాలి.

ధర్మవరంలో ఒక ముసలి నేతగాడు ఉండేవాడు. గుంత మగ్గం మీద పట్టుచీరలు నేసినవాడు. అప్పటికి చెవులు సరిగా వినపడవు. ఆయన కూతురు మునెమ్మ అదే మగ్గం మీద నేసేది. నా భార్య ఒక పూటంతా వాళ్ళింట్లో ఉండి ఆయనతో మాట్లాడి తీసింది. అందులోంచి చిన్న ముక్క 'మనోళ్ళు'లో వేసింది. పూర్తి టేపుకు బొట్టు పెట్టి షెల్ఫులో ఉంచింది. దసరా పోయాక కాపీ ఇస్తానని మునెమ్మకు మాట ఇచ్చింది. ఆ ముసలాయన దసరాకు పది రోజుల ముందు పోయాడు.

ఆయుధపూజకు ఆమె పెనుకొండలో పుట్టింట్లో ఉంది. ఆఫీసులో పూజ నన్ను చేయమంది. చేశాను. కెమెరాకు, స్టాండుకు, లైట్లకు పసుపూ కుంకుమా పెట్టాను. ఊరుకోలేదు. షెల్ఫులో ఉన్న టేపులన్నిటికీ వరుసగా బొట్లు పెట్టాను. మరుసటి రోజు ఆ వారం కార్యక్రమానికి టేపు కావలసి వచ్చింది. మస్తాన్ ఒకటి తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, దీనికి బొట్టు ఉండాది."

"అన్నిటికీ ఉందిలే. నిన్న నేనే పెట్టాను" అన్నాను.

ఆమె వచ్చి షెల్ఫు ముందు నిలబడింది. అన్ని బొట్లూ ఒకేలా ఉన్నాయి. ఒక్కొక్క టేపూ వేసి చూసింది. ముసలాయన ఏ టేపులోనూ లేడు. చివరి టేపు తీశాక, "పూజ బాగా చేసినారు" అంది. ముప్పై ఏళ్ళ కాపురంలో నన్ను అంతగా కోసిన మాట ఇంకొకటి లేదు.

మరుసటి రోజు ధర్మవరం వెళ్ళాం. నేను చెబుతానన్నాను. "తీసింది నేను, చెప్పాల్సింది నేను" అంది. మునెమ్మ మగ్గం దిగలేదు. మమ్మల్ని కూర్చోమనలేదు.

"మా నాయన మొగం యాడికీ పోదక్కా. ఫోటో ఉండాది. గొంతు ఉంటాదని చెప్తివి కదా. ఆ గొంతే ఇప్పుడిప్పుడే మర్సిపోతాండా."

నా భార్య గుమ్మం దగ్గరే చెప్పింది. "కేబుల్లో ఏసిన ముక్క ఎవరో ఒకరు ఇంట్లో రికార్డు చేసుకునింటారు. వెతికి తెస్తా మునెమ్మా."

అప్పటి నుంచి ఏ ఊరికి పోయినా, ఎవరింట్లో వీసీఆర్ కనిపించినా అడిగేది. "మీ ఇంట్లో పాత 'మనోళ్ళు' రికార్డు ఏమన్నా ఉండాదా?" పెనుకొండ ఆపరేటర్‌ను ఎన్నిసార్లు అడిగిందో. "అన్నీ చెరిపేసినామక్కా, నన్ను నమ్ము" అనేవాడు పాపం. ప్రతి దసరాకూ ధర్మవరం పోయి మునెమ్మకు ఇంకా దొరకలేదని చెప్పి వచ్చేది. మూడో ఏడు మునెమ్మ చాప వేసింది. ఆ తర్వాతి ఏడు అన్నం పెట్టింది.

"ఇంగ ఇడ్సిపెట్టక్కా. ఎన్నేండ్లని తిరుగుతావు?"

"నువ్వు ఇడ్సినా నేను ఇడ్సను" అంది నా భార్య, పచ్చిపులుసు కలుపుకుంటూ.

పని మాత్రం పెరిగింది. రెండువేల సంవత్సరం దాటాక హైదరాబాదు ఛానెల్ ఒకటి కరువు సేద్యం మీద ఆమెతో పదమూడు భాగాలు చేయించుకుంది. ఆమడగూరు నుంచి తాడిమర్రి దాకా వేరుశనగ చేలల్లో తిరిగి తీసింది. ఒక దశలో పదకొండుమంది పనిచేసేవాళ్ళు, సొంత వ్యాను ఉండేది. వచ్చి హైదరాబాదులోనే ఉండమన్నారు. మూడు నెలలు ఉండి తిరిగి వచ్చేసింది. ఏమైందని అడిగాను. "ఆ ఊర్లో మనిషిని కూర్చోమనరు సారూ. స్టార్ట్ అంటారంతే" అంది.

తర్వాత ఇంటింటికీ డిష్‌లు వచ్చాయి. పెళ్ళికి వచ్చిన ప్రతివాడి చేతిలోనూ చిన్న కెమెరా వచ్చింది. 'మనోళ్ళు' ఆగిపోయింది. వ్యాను పోయింది. పదకొండుమందిలో మస్తాన్ మిగిలాడు. ఆఫీసు మా ముందుగదిలోకి వచ్చింది. నాకు బాధగా ఉండేది. ఆమె చీపురు పట్టుకుని, "గది చిన్నదైతే ఊడ్చేది సులువు" అనేది. ఆమె దగ్గర పని నేర్చుకుని పోయిన ప్రతి కుర్రవాడూ ఇప్పుడు ఎక్కడో ఒక చోట కెమెరా పట్టుకుని బతుకుతున్నాడు. వాళ్ళలో ఏడుగురు ఆ మంగళవారం వచ్చారు. ఏ ఒక్కరూ ఫోటో తీయలేదు. ఆమె ఉన్న ఫోటో ఎలా తీయాలో వాళ్ళకు తెలియదు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉన్న మనిషి. తన గొంతు కూడా టేపులో ఉంచేది కాదు. "ప్రశ్న మనది, జవాబు వాళ్ళది. మనది తీసెయ్యి" అని ఎడిటింగులో కత్తిరించేసేది. పెద్దకర్మ నాడు గోడకు పెట్టడానికి మా అమ్మాయి ఇల్లంతా వెతికి, చివరికి రేషన్ కార్డు ఫోటో పెద్దది చేయించింది.

ఆమె పోవడానికి ముందురోజు పెనుకొండ ఆపరేటర్ దగ్గర నుంచి ఒక గోనెసంచి వచ్చింది. గది ఖాళీ చేస్తుంటే అటక మీద దొరికాయట. ప్రసారంలో ఏదైనా ఆగితే మధ్యలో వేయడానికి ఆ ఆపరేటర్ నాయన కాపీ చేసి పెట్టుకున్న టేపులు. కొడుక్కు ఆ సంగతే తెలియదు. "తప్పయిపాయక్కా, ఉన్నింటాయని నాకు తెలీదు" అని ఫోన్‌లో పదిసార్లు చెప్పాడు. ఇరవై మూడు టేపులు. సోమవారం ఆరు చూసింది. మంగళవారం పెట్టింది ఏడోది. చూసినవాటికి నోటుపుస్తకంలో టిక్కు కొట్టింది. ఏడుకు టిక్కు లేదు.

మా అమ్మాయి బెంగళూరు తిరిగి వెళ్ళాక నేను ఆ పీట మీద కూర్చున్నాను. ఏడు నుంచి మొదలుపెట్టాను. మధ్యాహ్నాలు మస్తాన్ వచ్చి పక్కన కూర్చునేవాడు. వీసీఆర్ హెడ్డు శుభ్రం చేసేవాడు, బూజు పట్టిన టేపు తుడిచేవాడు. పద్దెనిమిదో టేపులో, పురుగుమందు ప్రకటన అయిపోగానే, ఆ ముసలాయన వచ్చాడు.

మగ్గం పక్కన చాప మీద కూర్చున్నాడు. పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి ఆయన భుజం మీద టవలు సర్దింది. ఆకుపచ్చ గాజులు, పైన మగవాళ్ళ గడియారం. ఆ గడియారం నాది. ఆ తర్వాత గొంతు వినిపించింది. గట్టిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు.

"తాతా, ఈ మగ్గం మీద ఎన్నేండ్లాయె?"

"ఆఁ?"

"ఎన్నేండ్లాయె తాతా?"

"ఈ పాప పుట్టకముందు నుంచీ. ఇది ఏడిస్తే మగ్గం సప్పుడుకే నిద్రపోయేది. ఇప్పుడు ఇది నేస్తాంటే నాకు ఇనపడదు. దానికే నాకు నిద్ర రాదమ్మా."

అంతే. ఒక్క నిమిషం కూడా లేదు. ప్రశ్న తీసేస్తే ఆయన "ఆఁ" అన్నది అర్థం కాదు. అందుకే ఆ ఒక్కసారి తన గొంతు ఉంచేసినట్టుంది.

మస్తాన్ టీవీ వైపే చూస్తూ అన్నాడు. "సార్, మేడమ్ గొంతు తీసెయ్యమనేది కదా. సీడీ చేసేటప్పుడు తీసెయ్యాల్నా?"

"ఉండనీ" అన్నాను.

"చెయ్యి?"

"చెయ్యి కూడా."

మస్తాన్ రెండు సీడీలు చేశాడు. ఒకటి ధర్మవరానికి, ఒకటి ఈ ఇంటికి. టేపు వీపు మీద నేను కుంకుమబొట్టు పెట్టాను, చుక్క కొబ్బరినూనె కలిపి. ఈసారి ఒక్కదానికే.

రేపు పొద్దున మొదటి ప్యాసింజర్‌కు ధర్మవరం పోతాను. మునెమ్మను కాసేపు మగ్గం ఆపమంటాను. దొరికిందని చెబుతాను.