ముఖాల్లేని క్యూలో మిగ్దాలియా

హవానాలో క్యూలో నిలబడటం చేతకాని మనిషి ఇంకా పుట్టలేదు. కాకపోతే అందరూ నిలబడటం వేరు, మిగ్దాలియా నిలబడటం వేరు. రొట్టెల క్యూలో ఉండగా వాళ్లమ్మకి నొప్పులొచ్చాయట. ఆసుపత్రికి పోతే వంతు పోతుందని అక్కడే కనేసిందట, మంత్రసానికి కూడా వెనకెవరో చోటు పట్టి ఉంచారట. ఇది మిగ్దాలియా చెప్పే మాట. చెల్లెలు నెరేయిదాని అడిగితే, "అంతా కోత. అమ్మ రొట్టె ఇంటికి తెచ్చి, తిని, అప్పుడు కన్నది" అంటుంది.

పెద్ద క్యూలు రోజుల తరబడి సాగుతాయి కాబట్టి వాటికి హాజరు ఉంటుంది. పొద్దునా సాయంత్రం ఎవరో ఒక గొంతున్న మనిషి అరుగెక్కి పేర్లు పిలుస్తాడు. పలికితే ఉన్నట్టు, పలక్కపోతే కొట్టేసినట్టు. జ్వరమనీ చావనీ చెబితే వినే నాథుడు లేడు. మిగ్దాలియా పెళ్లిరోజున ఫ్రిజ్‌ల క్యూకి హాజరు వేళయింది. తెల్లగౌను మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని పరిగెత్తి, "ఉన్నా" అని పలికి, మళ్లీ పరిగెత్తుకొచ్చి సంతకం పెట్టింది. ఆ మొగుడు నాలుగేళ్లు కూడా నిలవలేదు. ఫ్రిజ్ మాత్రం ఇప్పటికీ మంచు కడుతోంది. ముఖం చూపించనివాడికి వంతు లేదన్నది ఆవిడకి ఊహ తెలిసినప్పటి నుంచీ వేదం.

అలాంటి మనిషికి అరవై దాటాక, జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన క్యూ కంప్యూటర్లో వచ్చిపడింది.

నెరేయిదా సముద్రం అవతల దీవిలో ఉంటుంది. ఆవిడ గొంతులో చెడ్డ గడ్డ లేచింది. శుక్రవారం కోసి, గొంతులో మాట పుట్టే భాగం మొత్తం తీసేస్తామని డాక్టర్లు చెప్పారు. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఇక రాదు.

"ఫోన్లో చెప్పవే, వింటా" అంది మిగ్దాలియా.

"ఫోన్లో నువ్వు వింటావా? నేను నోరు తెరిచేలోపు నీ ఊరి వార్తలన్నీ చదివేస్తావు. ఎదురుగా వచ్చి కూర్చో అక్కా. నీకు చెప్పాల్సినవి ముప్పై ఏళ్లవి ఉన్నాయి. గొంతుండగానే చెప్పాలి. శుక్రవారం తర్వాత వచ్చి నా మొహం చూస్తే ఏం లాభం?"

మధ్యలో లైను కట్టయింది. మళ్లీ కలవలేదు.

శుక్రవారం లోపు దీవికి పోయే ఓడ ఒక్కటే, గురువారానిది. వెనకటికి టికెట్లు కిటికీలో అమ్మేవాళ్లు. మిగ్దాలియా అదే ధీమాతో మడతకుర్చీ, గొడుగు, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని వెళ్లింది. కిటికీకి చెక్క కొట్టేసి ఉంది. టికెట్లన్నీ ఇక సైట్లోనేనట, మంగళవారం పొద్దున తెరుస్తారట. ఆవిడ కుర్చీ చంకన పెట్టుకుని నేరుగా అర్సెనియో దగ్గరికొచ్చింది.

అర్సెనియోది వాళ్ల మండువా భవనంలో మెట్లకింద క్షౌరశాల. చేతిలో పని కత్తెర, మనసులో పని బ్రౌజరు. దానికి కొత్త పని నేర్పే ఎక్స్‌టెన్షన్ ప్రతిదీ తన పాత ల్యాప్‌టాప్‌కి తగిలించి చూడందే అతనికి నిద్ర పట్టదు. ప్రకటనలు తుడిచేసేది ఒకటి. పరాయి భాష పేజీని స్పానిష్‌లోకి తిప్పేది ఇంకొకటి. బొమ్మలన్నీ ఆపేసి అక్షరాలని మాత్రమే లోపలికి రానిచ్చేది మరొకటి, దాని పుణ్యమా అని గుక్కెడు డేటాతో భవనం మొత్తానికి వారం గడిచేది. పేరు, ఊరు, గుర్తింపుకార్డు నంబరు తనంతట తనే నింపేది ఉంది. పేజీని అదేపనిగా మళ్లీ మళ్లీ తెరుస్తూ ఉండేదీ ఉంది, అది దుకాణాల్లో కోడిమాంసం వచ్చిన క్షణాన కూత పెడుతుంది. ఆ కూత విని ఎన్నిసార్లు భవనం మొత్తం బాత్రూముల్లోంచి తడిబట్టలతో పరిగెత్తిందో లెక్కలేదు.

మంగళవారం పొద్దున అర్సెనియో ల్యాప్‌టాప్‌ని అద్దం ముందు, పౌడరు డబ్బాల మధ్య పెట్టాడు. ఫోన్లోంచి నెట్ ఇచ్చి ఓడ టికెట్ల సైటు తెరిచాడు. తెల్లటి పేజీలో ఒకే ఒక్క వాక్యం వచ్చింది. మీ ముందు ఆరువందల పైచిలుకు మంది ఉన్నారు.

"చివరెవరు?" అంది మిగ్దాలియా అలవాటుగా.

"నువ్వే అక్కా."

"నా ముందెవరు? వాడి మొహం చూడాలి కదా. రేపు వాడే నాకు సాక్షి."

"ఇక్కడ మొహాలుండవు. కూర్చో, చూస్తూ ఉండు. దేన్నీ ముట్టుకోకు." అంటూ అతను కటింగ్ మిషన్ తీసి ఏవేలియో తలమీద పెట్టాడు. ఏవేలియో బస్సు డ్రైవరు, ఎదుటివాడి కంగారు చూస్తే కడుపు నిండే మనిషి.

"పదిమంది తగ్గారు" అంది మిగ్దాలియా కాసేపటికి.

"ఇంకా బోలెడంత మంది ఉన్నారు తల్లీ. ఓడ తుప్పుపట్టేలోపు అందుతావులే" అన్నాడు ఏవేలియో అద్దంలోంచి.

ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు. ఆ తెల్లపేజీ కదలదు, మెదలదు. ఎవరూ పేర్లు పిలవడం లేదు. ఎవరూ తిట్టుకోవడం లేదు. తిట్లు లేని క్యూ ఆవిడ పుట్టాక చూడలేదు. అవతల ఎక్కడో హాజరు జరుగుతుంటే, ఇక్కడ తను మొద్దులా కూర్చుంది కాబోలు. మిగ్దాలియా అని పిలిచి, పలకలేదని కొట్టేస్తున్నారు కాబోలు. నెరేయిదా గొంతు చెవుల్లో మెదిలింది, ఆ బొంగురు, ఆ వెటకారం. శుక్రవారం దాన్ని ఒక గిన్నెలో వేసి పట్టుకుపోతారు.

అర్సెనియో అటు తిరిగి ఏవేలియో చెవి వెనక వెంట్రుకలు చూస్తున్నాడు. కోడిమాంసం కూతపెట్టే ఎక్స్‌టెన్షన్ గుర్తు ఎక్కడుంటుందో ఆవిడకి తెలుసు, గుండ్రంగా తిరిగే పచ్చబాణం. అది తన తరఫున పోయి మాటిమాటికీ "ఉన్నా, ఉన్నా" అని పలుకుతుంది. ఇంతకంటే మంచి హాజరు ఎవరిస్తారు? వేలితో ఒక్క నొక్కు నొక్కింది.

పేజీ మెరిసింది. మళ్లీ మెరిసింది. ఆవిడ ఊపిరి కాస్త తేలికపడింది. ఆ తర్వాత అంకె చూసింది. ఆరువందలు కాస్తా తొమ్మిదివందలయ్యాయి. ఇంకో మెరుపుకి వెయ్యి దాటాయి.

"అర్సెనియో." ఆవిడ గొంతు పీలగా వచ్చింది. "ముందున్నవాళ్లు పిల్లల్ని పెడుతున్నారు నాయనా."

అతను చూశాడు. చేతిలో మిషన్‌తోనే దూకి ఆ బాణాన్ని ఆపేశాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది. "ఏం చేశావక్కా? తెరిచినప్పుడల్లా నిన్ను కొత్తమనిషి అనుకుని చివరికి తోస్తుంది. అయిపోయింది. గురువారం ఓడ అయిపోయింది."

"నాకెలా తెలుస్తుంది? చెప్పావా?"

"ముట్టుకోకని చెప్పాను."

"ఎందుకు ముట్టుకోకూడదో చెప్పావా?"

ఏవేలియో నోరు తెరిచాడు. ఆవిడ చూసిన చూపుకి మళ్లీ మూసుకున్నాడు. కన్నీళ్లు పెట్టుకుంటుందేమో అనుకున్నారిద్దరూ. ఆవిడ పెట్టుకోలేదు. కుర్చీ ఇంకా ముందుకి లాక్కుని, ముక్కు తెరకి ఆనేలా కూర్చుంది. "క్యూలోంచి పోయేవాడు పోతాడు, నేను పోను" అంది.

అప్పుడు కరెంటు పోయింది. మిషన్ గుర్రుమని ఆగింది. ఏవేలియో తల ఒక పక్క నున్నగా, ఒక పక్క పొదలా ఉండిపోయింది. మెట్లమీద నుంచి ఎవరో కరెంటువాళ్ల ఏడు తరాలని పలకరించారు.

"బ్యాటరీ ఎంతుంది?" అంది మిగ్దాలియా.

"ముసలిది. పావుగంట వస్తే గొప్ప. ఆలోపు ఫోను టవరు పడుకోకపోతే." అర్సెనియో తెర వెలుగు తగ్గించాడు, నడుస్తున్నవన్నీ ఒక్కొక్కటే మూశాడు. "బొమ్మలు రాకుండా ఆపాను కాబట్టి ఈమాత్రం నెట్‌లో కూడా పేజీ నిలబడింది" అన్నాడు, తన వస్తువుల్లో ఒక్కటైనా మంచిదే అని చెప్పుకోవడానికి.

ముగ్గురూ తెర చుట్టూ చేరారు. ఏవేలియో మెడకి తువ్వాలుతోనే వచ్చాడు. అంకె కొంచెం తగ్గింది. ఆగింది. ఆ తర్వాత ఒక్కసారిగా వంద తగ్గిపోయింది. మళ్లీ ఇంకో వంద.

"ఏమైంది దానికి?" అన్నాడు ఏవేలియో గుసగుసగా.

అర్సెనియో తల గోక్కున్నాడు. "సగం ఊరికి కరెంటు పోయినట్టుంది. వందేసి మందికి ఒకేసారి వంతు ఇస్తున్నారు, నిమిషంలో పలక్కపోతే క్యూ వాళ్లని దాటిపోతోంది."

హాజరుకి పలకనివాళ్ల పేర్లు రాలిపోవడం మిగ్దాలియా వెయ్యిసార్లు చూసింది, ఇంత వేగంగా రాలడం మాత్రం ఇదే మొదలు. మామూలుగా అయితే సంతోషం ఆపుకోలేకపోయేది. ఇవాళ మాత్రం ఆ రాలిపోయేవాళ్లకి కూడా అవతల ఎవరో ఉంటారు కదా అనిపించి, మెళ్లో ఉన్న పతకాన్ని ఒకసారి ముట్టుకుంది. అంకె వందకి వచ్చింది. నలభైకి వచ్చింది. బ్యాటరీ గుర్తు ఎర్రబడింది.

మీ వంతు వచ్చింది.

ఫారం తెరుచుకుంది, తెరుచుకున్న మరుక్షణం తనంతట తనే నిండిపోయింది. అర్సెనియో కింత్రానా రోహాస్, పుట్టినతేదీ, కార్డు నంబరు, చిరునామా.

"ఎవడమ్మా వీడు? నా చెల్లెల్ని చూడటానికి వీడు పోతాడా?" అంది మిగ్దాలియా.

"ఆగు, ఆగు." అర్సెనియో తన పేరు చెరిపాడు. మిగ్దాలియా పేరు సగం కొట్టేలోపు ఆ ఎక్స్‌టెన్షన్ మళ్లీ అతని పేరు తెచ్చి పెట్టింది. చెరిపాడు, మళ్లీ పెట్టింది. పిలవని పెళ్లికొచ్చి కదలని బావమరిదిలా పట్టుకు కూర్చుంది.

"పీకెయ్ దాన్ని."

"రెండేళ్ల నుంచి కష్టపడి నేర్పాను దానికి..."

"పీకెయ్ అర్సెనియో."

పీకేశాడు. ఆవిడే ఒంటివేలితో తన పేరు కొట్టుకుంది. కార్డు నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పే రకం, తడబడలేదు. కింద ఒక ఖాళీ గడి, దానిపైన ఒక వాక్యం ఉంది. మీరు మనిషేనని తెలియడానికి బొమ్మలోని అక్షరాలు రాయండి.

"ఏ బొమ్మ?" అంది మిగ్దాలియా.

బొమ్మ లేదు. బొమ్మలు ఆపే ఎక్స్‌టెన్షన్ తన పని తను చక్కగా చేసింది. అర్సెనియో దాన్నీ ఆపేశాడు. బొమ్మలు తాబేళ్లలా ఒక్కొక్కటే దిగసాగాయి. ముందు ఓడ వచ్చింది. తర్వాత జెండా వచ్చింది. తర్వాత పేజీ నెత్తిన అడ్డంగా ఒక ఎర్రపట్టీ, దానిమీద బండ అక్షరాలు. వంతు వచ్చేదాకా ఈ పేజీని మళ్లీ తెరవకండి, తెరిస్తే చివరికి పోతారు.

మిగ్దాలియా ఆ పట్టీని పైకే చదివింది. చదివి మెల్లగా తల తిప్పి అర్సెనియో వైపు చూసింది.

"అక్కా, తర్వాత తిట్టు. బ్యాటరీ పోతోంది."

"తిడతాలే. తీరిగ్గా తిడతా."

చివరాఖరికి అక్షరాల బొమ్మ దిగింది, గాలికి వంగిపోయిన కంచెలాగా. ఏవేలియో ఒక అక్షరం చదివాడు, అర్సెనియో ఇంకోటి అన్నాడు. ఆవిడ కళ్లజోడు పైకి తోసి తనే చూసి కొట్టింది. నొక్కింది. పేజీ ఆలోచించింది. మెట్ల మీద నీళ్లు కారే చప్పుడు తప్ప ఆ గదిలో ఇంకేమీ వినపడలేదు.

టికెట్టు నంబరు వచ్చింది, పొడుగ్గా, రైలంత.

అర్సెనియో ఫోనుతో ఫోటో తీద్దామనుకునేలోపే మిగ్దాలియా సబ్బు నురగ బ్రష్షు అందుకుని అద్దంమీద రాయడం మొదలుపెట్టింది. ఆఖరి అంకె అద్దంమీద పడిందో లేదో, తెర నల్లబడింది. ముగ్గురూ ఆ నురగ అంకెల వైపు, అవి ఆరిపోతాయేమో అన్నట్టు, ఊపిరి బిగబట్టి చూశారు.

"నా తల సంగతేంటి?" అన్నాడు ఏవేలియో కాసేపటికి.

గురువారం రేవులో గుమాస్తా నంబరు చూసి, కార్డు చూసి, డబ్బు తీసుకుని చెయ్యి ఊపాడు. సముద్రం పొడుగునా మిగ్దాలియా మనసులో జవాబులు కూర్చుకుంటూనే ఉంది. ముప్పై ఏళ్లలో నెరేయిదా ఏమేం అనగలదో అన్నీ ఊహించి, ఒక్కోదానికి రెండేసి జవాబులు సిద్ధం చేసుకుంది. కొన్ని ఎంత పదునుగా ఉన్నాయంటే పక్కసీటు ఆయన సర్దుకు కూర్చున్నాడు.

శుక్రవారం లోపు వచ్చేది ఈ ఓడొక్కటేనని తెలిసి, నెరేయిదా అవతలి రేవులో స్తంభాన్ని ఆనుకుని నిలబడి ఉంది. సగానికి సగం చిక్కిపోయింది. గొంతు గరగరలాడుతోంది, ప్రతి మాటా గులకరాళ్ల మీద బండి లాగినట్టు వస్తోంది.

"ఆ సంచీ ఏంటి? ఏడాది ఉంటావా? ఇంత లావయ్యావేం? నేను పోయేదాకా ఆగొచ్చుగా రావడానికి."

మిగ్దాలియా నోరు తెరిచింది. జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది, మంచి జవాబు. నెరేయిదా ఆగి, అలవాటు ప్రకారం అక్క మీదపడి మాట్లాడుతుందని ఎదురుచూసింది.

మిగ్దాలియా సంచీ కింద పెట్టి, రేవు గట్టుమీద కూర్చుని, పక్కన చోటు చూపించింది.

"ఊఁ" అంది. "తర్వాత?"

నెరేయిదా అనుమానంగా చూసింది. కూర్చుంది. ఆ తర్వాత మొదలుపెట్టింది. చీకటి పడి రేవు మనిషి తాళాలు ఆడిస్తూ వచ్చినా ఆపలేదు. ఆ గొంతు మధ్యమధ్యలో తెగిపోతే, మిగ్దాలియా సీసా మూత తీసి నీళ్లు అందిస్తూ, మళ్లీ "తర్వాత?" అంటూనే ఉంది.