డెన్మార్క్ దీపానికి చింతపండు

నేను ఏ వస్తువు తెచ్చినా మా ఇంట్లోవాళ్లకు అది పెళ్లి సామానుగానే కనబడుతుంది. మా నగరంలోని సంచౌంగ్ పేటలో కూల్చబోతున్న ఒక పాత ఇంట్లోంచి నిన్న ఇత్తడి సీలింగ్ దీపం తెచ్చుకున్నాను. అరవై ఏళ్ల కిందట డెన్మార్క్‌లో చేసిన దీపం. “ఆ నలుపు పోగొట్టకమ్మా, దాని అందమంతా అదే” అని ఇంటి యజమాని, బర్మా పెద్దాయన ఊ తిన్ మరీమరీ చెప్పారు.

ఈ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి అది ధగధగలాడుతోంది. బొట్టు కూడా పెట్టి ఉంది.

“ఏటమ్మా ఇది?”

“సింతపండెట్టి తోమినానే. మసి దీపం పట్టుకెల్తే అత్తోరేటనుకుంటారు?”

“అత్తోరెవరమ్మా? అది నా గదికి.”

“పెల్లవకుండా నీకు ఏరే గదేటే? అయినా ఎలిగించడానికి కరెంటేదీ?”

కరెంటు విషయంలో అమ్మ మాట నిజమే, నాలుగు గంటలుగా లేదు. అరవై ఏళ్ల నలుపును అరగంటలో వదిలించిన ఆ చేతిని మెచ్చుకోవాలో, దీపాన్ని చూసి ఏడవాలో తేల్చుకోలేకపోయాను. మీ ఇళ్లలో ఇలా ఏమేం తోమేశారో కింద రాయండి, కాస్త ఊరటగా ఉంటుంది.

నేను అద్దెకు తీసుకున్న గది రేవు దగ్గర, మూడో అంతస్తులో ఉంది. ఆదివారం వెళ్తున్నాను. ఒక్కదాన్నే.