వంటింటి స్పీకరు

ఆఫీసులో అందరూ ఆయన్ని కొలతలాయన అంటారు. ఇళ్ళ ప్లాన్లు గీయడం ఆయన ఉద్యోగం, కానీ ఆ పేరు ఉత్త ఉద్యోగంతో వచ్చింది కాదు. పాట వినడానికి కూడా టేపు పట్టుకుని కొలిచే మనిషికి ఇంకేం పేరు పెడతారు చెప్పండి! ముందుగదిలో రెండు స్పీకర్లు, వాటి మధ్య ఏడడుగులు. ఆ రెంటికీ సరిగ్గా ఏడేసి అడుగుల దూరంలో ఒక కుర్చీ. కుర్చీ కాళ్ళు అంగుళం కూడా జరగకుండా నేల మీద తెల్ల పెయింటుతో నాలుగు చుక్కలు. సాయంత్రం ఆరింటికి అందులో కూర్చున్నాడంటే ఏడింటిదాకా లేవడు. తలుపు కొట్టినా లేవడు, ఫోను మోగినా లేవడు. తల పక్కకి తిప్పితే పాట పాడైపోతుందట! వినేవాళ్ళుండాలే గానీ ఈ సంగతులు గంటల తరబడి చెప్తాడు.

ఆ వినేవాళ్ళే ఇప్పుడు లేరు. భార్య పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. పొద్దున్నుంచీ ఆఫీసు, మధ్యాహ్నం క్యాంటీను, రాత్రికి క్యారియరు. ఆదివారాలైతే మరీ ఘోరం. క్యారియర్ తెచ్చినవాడితో "అక్కడ పెట్టు బాబూ" అన్నదే ఆ రోజంతటికీ మొదటి మాట. గొంతు బొంగురుగా వచ్చి, ఎవరు మాట్లాడారా అని తనే ఉలిక్కిపడతాడు.

ఇలాంటి మనిషికి మిగిలింది ఆ సాయంత్రం గంటే. దానికి కూడా కాలం కలిసిరాలేదు. ఇరవై రెండేళ్ళ నాటి ఆంప్లిఫయరు మొరాయించడం మొదలుపెట్టింది. ఎడమవైపు స్పీకర్లో బరబరమని గోకుడు, ఉన్నట్టుండి మూగనోము. నెత్తిన ఒక్కటిస్తే కాసేపు పలికేది, మళ్ళీ మామూలే. చివరికి దాన్ని పాత దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టుకుని సోల్డరు బాబాయ్ కొట్టుకి వెళ్ళాడు.

సోల్డరు బాబాయ్‌కి డెబ్బై దాటాయి. రేడియోలు బాగుచేసే కాలం నుంచీ అదే కొట్టు, అదే బల్ల, వైర్లు అతికించే అదే సోల్డరు కడ్డీ. బజారంతటికీ ఆయన బాబాయే, ఆయనకి అందరూ అబ్బాయిలే.

"ఇదింక నా వల్ల కాదురా అబ్బాయ్," అన్నాడు బాబాయ్, యాభై ఎనిమిదేళ్ళ అబ్బాయితో. "దీని లోపలి సామాను చేసేవాడే లేడు. అక్కడా ఇక్కడా పీక్కొచ్చి ఇన్నాళ్ళూ అతికించాను. వదిలెయ్. ఇదిగో, ఈ కొత్తది విను."

విన్నాడు. విన్నాక మనిషి మనిషిలా లేడు. పాతికేళ్ళుగా వింటున్న పాటే, పాడే ఆవిడ చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం మొదటిసారి చెవిన పడింది. అబ్బ, ఇదీ వినడమంటే అనుకున్నాడు. దాన్ని అటూ ఇటూ నిమిరి, ముచ్చటపడి, వెనక్కి తిప్పి చూశాడు. మొహం ఇంతైపోయింది.

"ఇదేంటి బాబాయ్, స్పీకర్లు తగిలించడానికి ఒక్క జతే ఉంది?"

"ఇప్పుడన్నీ అంతేరా. రెండు జతలు ఎవడిక్కావాలి?"

ఆయనకి కావాలి. పాతదానికి వెనక రెండు జతల స్పీకర్లు తగిలించే వీలుంది, ముందు ఒక మీట ఉంది. మీట ఒకవైపు తిప్పితే ముందుగది స్పీకర్లు, ఇంకోవైపు తిప్పితే రెండో జత, మధ్యలో పెడితే అన్నీ. రెండో జత చోట ఒకే ఒక చిన్న స్పీకరు తగిలించాడు. దాని వైరు గుమ్మం పైనుంచి, గోడ అంచున, వంటింట్లో అల్మారా దాకా తనే స్వయంగా లాగాడు. పద్నాలుగేళ్ళ క్రితం మాట. భార్య అప్పుడు ఆస్పత్రిలో పగటి డ్యూటీ నర్సు. ఆరింటికల్లా ఇంటికొచ్చి వంటింట్లో పడేది. పాపం, ఒక్కతీ ఆ పనిలో ఉంటుంది, తనకీ పాట వినిపిస్తే బాగుంటుంది కదా అని ఆయన మురిసిపోయి చేసిన ఏర్పాటది. ఏడింటికి పాటలు కట్టేసి వంటింట్లోకి వెళ్ళి, "ఇవాళ మొదటి పాట ఎలా ఉంది?" అనేవాడు. "బాగుందండీ," అనేది ఆవిడ, కూర కలుపుతూ.

ఆవిడ పోయాక కూడా మీట మధ్యలోనే ఉంది. పక్కకి తిప్పడానికి చెయ్యి రాలేదు. అక్కడ వినేవాళ్ళెవరూ లేరని ఆయనకి తెలియదా? భేషుగ్గా తెలుసు. అయినా మీట మధ్యలో ఉన్నంతసేపూ లోపల ఎవరో ఉన్నట్టుంటుంది. ఇద్దరు కూర్చుని ఒకే పాట వింటున్నట్టుంటుంది. ఆ గంట కోసమే ఆయన మిగతా ఇరవై మూడు గంటలూ గడుపుతున్నాడు. కొత్తది తెస్తే ఆ వైరు పీకెయ్యాలి. తన చేత్తో తనే ఆవిడని ఇంట్లోంచి పంపేసినట్టు కాదూ?

సరే, పాతదాన్నే మళ్ళీ ఇంటికి తెచ్చి తగిలించుకుని, మూడు వారాలు నానా తంటాలు పడ్డాడు. ఆఫీసు నుంచి కొట్టుకెళ్ళడం, కొత్తది వినడం, నిట్టూర్చడం, రేపు చెప్తానని వచ్చెయ్యడం. మీట బయట విడిగా పెడితే ఏమవుతుంది, వైరు ఎటు తిప్పొచ్చు అని ఇంటి ప్లాను గీసి మరీ పట్టుకెళ్ళాడు, స్కేలు ప్రకారం. బాబాయ్‌కి ఒళ్ళు మండిపోయింది.

"ఒరేయ్, ఆంప్లిఫయర్ కొంటున్నావా, ఇల్లు కడుతున్నావా? ఉన్న జత దగ్గరే మీ వంటింటి స్పీకర్ కూడా కలిపెయ్యొచ్చు. కాకపోతే ఆ బరువు ఇది మొయ్యాలి. మీటరు పెట్టి చూస్తే గానీ చెప్పలేను. శనివారం సాయంత్రం నేనే వస్తాలే, నా ప్రాణం తియ్యకు."

అన్నమాట ప్రకారం శనివారం అయిదున్నరకి బాబాయ్ కొత్తదాన్ని ఆటోలో వేసుకుని దిగాడు. కొలతలాయన పండగ చేసుకున్నంత పనిచేశాడు. మూడేళ్ళలో ఆ ఇంట్లో ఇంకో మనిషి కూర్చుని టీ తాగడం అదే మొదలు.

బాబాయ్ పాతదాని వెనక వంటింటి వైరు ఊడదీసి మీటరు ఆనించాడు. ముల్లు కదల్లేదు. ఇంకోసారి ఆనించాడు. ఊహూఁ.

"లైను చచ్చిపోయి ఉందిరా. వైరెక్కడో తెగింది. ఎలకలేమో."

"మా ఇంట్లో ఎలకల్లేవు," అన్నాడు కొలతలాయన పౌరుషంగా.

వైరు పట్టుకుని ఇద్దరూ గుమ్మం దాటారు, గోడ వెంట నడిచారు, వంటింట్లోకి వచ్చారు. ఎక్కడా తెగలేదు. బాబాయ్ స్టూలెక్కి అల్మారాలో స్పీకర్ని కాస్త పక్కకి జరిపాడు.

"ఇదేంట్రా, అసలు స్పీకర్‌కి వైరే లేదు! ఊడదీసి, కొసకి ప్లాస్టర్ చుట్టి పెట్టారు. పైన ఏదో రాసుంది, నా కళ్ళకి ఆనడం లేదు. నువ్వు చదువు," అని కొస కిందికి వంచాడు.

ఆస్పత్రి ప్లాస్టర్. తెల్లది పసుపురంగుకి తిరిగింది. నీలం పెన్నుతో తేదీ, కింద టైము, దాని కింద పొట్టి సంతకం. భార్యది. వార్డులో వాళ్ళకదే పద్ధతి. కట్టు కట్టినా, సెలైన్ గొట్టం మార్చినా పైన ప్లాస్టర్ వేసి తేదీ, టైము, సంతకం వెయ్యాలి. తర్వాత డ్యూటీకి వచ్చినవాళ్ళు చూసి కింద తమ సంతకం పెట్టాలి. పెట్టకపోతే చూడనట్టే లెక్క అని, కొత్తగా చేరినవాళ్ళని కేకలేసిన సంగతులు ఇంటికొచ్చి చెప్పేది.

మే ఇరవై మూడు. సాయంత్రం ఆరూ అయిదు. సంవత్సరం చూశాడు. వైరు లాగింది అదే ఏడాది మే నాలుగున. కొలతల మనిషి కదా, లెక్క దానంతటదే పడిపోయింది. పంతొమ్మిది రోజులు. పంతొమ్మిది రోజులు ఓర్చుకుని, ఇరవయ్యో సాయంత్రం తను ముందుగదిలో తల తిప్పకుండా కూర్చున్న టైములోనే ఊడదీసింది.

ముందు కోపం వచ్చింది. పదకొండేళ్ళు రోజూ బాగుందండీ, బాగుందండీ అని నన్ను ఇంత వెర్రివెంగళప్పని చేస్తుందా! ఆ తర్వాత లెక్క తన మీదికే తిరిగింది. మూడేళ్ళుగా ఒంటరిగా వింటున్నాననుకున్నాడు. కాదు, పద్నాలుగేళ్ళు. పగలంతా మిషన్ల కూతలు, గంటలు, రోగుల కేకలు విని వచ్చే మనిషి. "చెవులు హోరెత్తిపోతున్నాయండీ," అని ఒకటి రెండుసార్లు అననే అంది. "అందుకే కదా మంచి పాట వినమనేది," అన్నాడు తను. ఎంత తెలివైన జవాబు! నీకు పాట కావాలా వద్దా అని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. ఆవిడ ఏమీ దాచలేదు. తేదీ వేసి, సంతకం పెట్టి, జరిపితే కనబడేచోటే పెట్టింది. పాట నడుస్తుండగా ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి లేచొచ్చి పక్కన నిలబడి ఉంటే ఆ రోజే తెలిసేది. ఆయనకి ఏడుపు ఆగలేదు. బాబాయ్ ముందని కూడా చూసుకోలేదు.

బాబాయ్ పాపం స్టూలు మీద అలాగే నిలబడ్డాడు. దిగాలో వద్దో తెలియలేదు. చివరికి వైరు కొస చూపించి, "రెండు నిమిషాల పనిరా, కలిపెయ్యనా?" అన్నాడు.

"వద్దు బాబాయ్. ఆవిడ తీసింది. తీసే ఉండనీ."

"మరి కొత్తది?"

"పెట్టెయ్. ఒక్క జత చాలు."

బాబాయ్ మెల్లగా దిగి ముందుగదిలోకి వెళ్ళాడు. స్క్రూలు విప్పుతున్న చప్పుడు వినబడింది. కొలతలాయన కళ్ళు తుడుచుకుని స్టూలెక్కాడు. జేబులోంచి ప్లాన్లు గీసే సన్న పెన్ను తీశాడు. ప్లాస్టర్ మీద ఆవిడ సంతకం కింద కాస్త జాగా ఉంది. చేతి గడియారం చూసి, ఆ రోజు తేదీ వేశాడు, టైము వేశాడు, కింద సంతకం పెట్టాడు.