లాంగ్‌జంప్‌లో నా ‘ఓలమ్మో’

నరసన్నపేటలో ధాన్యం వ్యాపారం కొడుక్కి అప్పగించి ఖాళీగా ఉన్నాను. ఒకరోజు మూడో తరగతి చదివే మనవరాలు బుజ్జి, డ్రిల్లు మాస్టారు సెలవు పెట్టారని, లాంగ్‌జంప్ నేర్పడానికి నన్ను బడికి లాక్కెళ్లింది. కుర్రతనంలో ఇరవై అడుగులు దూకానని దానికి చెప్పింది నేనే. అది క్లాసంతా చాటేసింది.

"నువ్వు దూకకపోతే నా పరువు పోతాది తాతా!" అంది నా చెవిలో.

బళ్లో దూకే గోతిలో ఇసుక లేదు. మా బియ్యం మిల్లు నుంచి ఊక తెప్పించి పోయించాను. పంచె ఎగ్గట్టి, "ఒరే, నేనేటి సేస్తే మీరూ అదే సెయ్యండి" అని పరుగెత్తి ఎగిరాను. ఆరడుగుల అవతల పడి, నడుం పట్టుకుని "ఓలమ్మో!" అని అరిచాను.

తర్వాత ముప్పైమంది పిల్లలూ వరసగా దూకారు. ఊకలో పడగానే ప్రతివాడూ నడుం పట్టుకుని "ఓలమ్మో!" అన్నాడు. ఒకడు అరవడం మరిచిపోతే, "సరిగ్గా సెయ్‌రా, మళ్లీ దూకు!" అని బుజ్జి వెనక్కి పంపింది.

ఇప్పుడు అసలు నిజం చెప్పేస్తాను. ఆరడుగులని పైన రాసింది అబద్ధం. నేను పడింది గోతి ఇవతలి అంచునే. "ఇరవై అడుగులేవే?" అని ఒకడు నిలదీస్తే, "మా తాత ముందు పడ్డం నేర్పుతన్నాడ్రా, దూకడం రేపు!" అని నన్ను కాపాడింది బుజ్జే.

దూకడం సంగతేమో గానీ, కోతలు కోయడంలో మాత్రం దానికి అచ్చం నా పోలికే.